బోర్డర్, బౌండరీ, ఫ్రాంటియర్: అన్నిటికీ "సరిహద్దు" అని రాసేస్తే సరిపోతుందా?

టీచరమ్మ_బెజవాడ
అందరికీ నమస్కారం. సత్యనారాయణపురంలో పదో తరగతి పిల్లలకి సాయంత్రం పూట ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. నిన్న బోర్డర్ అనే మాటకి సమానార్థకాలు వచ్చాయి. గైడులో బౌండరీ, ఫ్రాంటియర్, ఎడ్జ్, మార్జిన్, లిమిట్, వెర్జ్ అని వరసగా పేర్చి, తెలుగులో సగానికి సరిహద్దు అనీ మిగతా సగానికి అంచు అనీ రాసి చేతులు దులుపుకున్నారు. ఒక పిల్లాడు లేచి "టీచర్, అన్నీ ఒకటేనా? అయితే మా అమ్మ చీరకి ఎర్ర సరిహద్దు ఉంది అని రాయొచ్చా?" అన్నాడు. క్లాసంతా నవ్వారు, నేనూ నవ్వేశాను, కానీ ఇంటికొచ్చాక ఆలోచిస్తే వాడు అడిగినదాంట్లో తప్పేముంది అనిపించింది. సోమవారం లోపు వాడికి జవాబు చెప్పాలి. మీరు రోజూ ఏ మాట ఎక్కడ వాడతారో చెప్పండి. డిక్షనరీ అర్థాలు వద్దు, అవి నా దగ్గరా ఉన్నాయి.

ఘాటుమిరప
చీరకి సరిహద్దు ఉంటే జాకెట్టుకి చెక్‌పోస్టు ఉండాలి మేడమ్.

మగ్గంగుంట
నవ్వకండి, చీర దగ్గరే అసలు సంగతి ఉంది. మాది మంగళగిరి, మా నాన్నగారు ఇప్పటికీ గుంట మగ్గం మీదే నేస్తారు. మా ఇంట్లో "అంచు" అంటారు, షాపులో "బోర్డర్" అంటారు, రెండూ ఒకటే. మంగళగిరి నేతలో పాత పద్ధతి చూస్తే ఒంటి మీద బుటా ఉండదు, సాదాగా ఉంటుంది, జరీ పనంతా అంచు మీదే. నిజాం బోర్డర్ అంటే చాలు, వచ్చినవాళ్లకి ఏది చూపించాలో తెలిసిపోతుంది. అంచు చీర పొడుగునా ఉంటుంది, చివర ఉండేది కొంగు. రెండూ గుడ్డ చివర్లే, ఇంగ్లీషువాడు రెండిటినీ ఎడ్జ్ అనేస్తాడు, కానీ కొంగుని బోర్డర్ అంటే మా వీధిలో ఎవరూ ఒప్పుకోరు. సామెత కూడా అంచు మీదే ఉంది కదా, అంచు డాబే గాని పంచె డాబు లేదు అని. ఆ పిల్లాడికి ఇది చెప్పండి: అంచు వస్తువులో భాగం. అంచు తీసేస్తే చీర చిరిగినట్టే. సరిహద్దు అలా కాదు, అది రెండు వస్తువుల మధ్య ఉంటుంది.

టీచరమ్మ_బెజవాడ
అబ్బ, ఇది బాగుంది. ఒకదానికి ఉండేది అంచు, ఇద్దరి మధ్య ఉండేది హద్దు. రాసుకున్నాను.

పొలంగట్టు
ఇద్దరి మధ్య ఉండేది గట్టు అమ్మా, హద్దు కాదు. మాది దుగ్గిరాల పక్క, పసుపు వేస్తాం. హద్దు కాగితంలో ఉంటుంది, గట్టు నేల మీద ఉంటుంది, గొడవలన్నీ ఈ రెండూ ఒకచోట లేకపోవడం వల్లే. మా పక్క చేను ఆయన ఏటా దుక్కి దున్నేటప్పుడు పారతో గట్టుని ఇంతంత చెక్కుతూ వస్తాడు, ఒక్క ఏడాదిలో అయితే కంటికి ఆనదు, పదేళ్లు తిరిగేసరికి గట్టు మీద సైకిల్ నడిపేవాళ్లం కాస్తా కాలు మోపడానికి లేకుండా అయ్యాం. మా నాన్న హయాంలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడిచే గట్టు అది. సర్వేకి అర్జీ పెట్టాను. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలియదు, బోర్డర్ డిస్ప్యూట్ అంటే మాత్రం చైనా వాడితో గొడవలాగా ఉంది.

దస్తావేజు
బౌండరీ డిస్ప్యూట్ అనండి. గుంటూరులో ముప్పై ఏళ్లుగా దస్తావేజులు రాస్తున్నా. ఇద్దరు మనుషుల పొలాల మధ్య అయితే బౌండరీ, రెండు దేశాల మధ్య అయితే బోర్డర్. 1923లో మద్రాసు వాళ్లు చేసిన చట్టం పేరే సర్వే అండ్ బౌండరీస్ చట్టం, అందులో బోర్డర్స్ అని లేదు. కాకపోతే తెలుగులో దాన్నీ "సర్వే, సరిహద్దుల చట్టం" అనే అంటారు, మీ గైడు రాసినవాడి తప్పేం లేదు.

దస్తావేజులో మేము సరిహద్దు అని రాయం. "ఈ దిగువ హద్దులు గల" అని మొదలుపెట్టి తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం పంట బోదె, పడమర డొంక, ఉత్తరం అమ్మేవాళ్లకి చెందిన మిగులు భూమి, ఈ హద్దుల మధ్య ఎకరం ముప్పై ఐదు సెంట్లు అని ముగిస్తాం. పాతకాలం వాళ్లు చెక్‌బందీ అనేవాళ్లు. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది చాలామందికి తెలియదు: దస్తావేజులో రాసిన విస్తీర్ణానికీ, నాలుగు హద్దులకీ పొంతన కుదరకపోతే కోర్టులు మామూలుగా హద్దులకే విలువ ఇస్తాయి. సెంట్లు పొరపాటు పడొచ్చు, తూర్పున ఉన్న కాలవ పొరపాటు పడదు కదా. అందుకే రాయించుకునేటప్పుడు సెంట్ల మీద చూపే శ్రద్ధలో సగం హద్దుల మీద పెట్టండి బాబూ అని మొత్తుకుంటాను. ఎవరూ వినరు, స్టాంపు డ్యూటీ ఎంతవుతుందో అదొక్కటే అడుగుతారు.

బ్రాడీపేట_బ్యాచిలర్
గురువుగారు, సర్వే మాట వచ్చింది కాబట్టి, వాళ్లు పొలాలు కొలిచే గొలుసు గురించి ఒకటి. సివిల్ ఇంజనీరింగ్‌లో చదివాం. దాని పేరు గంటర్స్ చైన్. 1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు లెక్కల మాస్టారు తయారుచేశాడు. 66 అడుగులు, 100 లింకులు. పది చదరపు గొలుసులు కలిస్తే ఒక ఎకరం. 66 అడుగులంటే 22 గజాలు, అంటే క్రికెట్ పిచ్ పొడవు సరిగ్గా ఒక గొలుసు. పొలాల బౌండరీ కొలిచిందీ, మధ్యలో పిచ్ కొలిచిందీ ఒకటే కొలత అన్నమాట.

ఘాటుమిరప
గంటర్ మన గుంటూరు వాడే, స్పెల్లింగ్ తప్పు రాసుకున్నాడు. ఇక ఎవరూ ఏమీ మాట్లాడకండి.

బ్రాడీపేట_బ్యాచిలర్
😂 క్రికెట్ మాట వచ్చింది కాబట్టి, బౌండరీ అక్కడ గీత పేరు కూడా, ఆ గీత దాటిన షాటు పేరు కూడా. "బౌండరీ దగ్గర పట్టాడు", "బౌండరీ కొట్టాడు". పెద్ద మ్యాచుల్లో పిచ్ మధ్య నుంచి తాడు దాకా 65 నుంచి 90 గజాల లోపు ఉండాలని రూలు. మా సందులో అయితే గోడకి తగిలితే ఫోరు, రెడ్డిగారి మేడ మీద పడితే ఔటు, బంతి కూడా పోయినట్టే. బోర్డర్ కొట్టాడు అని ఎవరూ అనరు. ఆస్ట్రేలియా ఆటగాడు అలెన్ బోర్డర్ కొట్టేవాడు అనుకోండి, అది వేరు.

పాతపేపరు
పత్రికలో అనువాదాలు చేసి రిటైరైనవాణ్ణి, కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికున్నవాళ్లు చదవండి.

ముందు ఇంగ్లీషు మాటల మధ్య తేడా. బౌండరీ అంటే గీత. మ్యాపు మీద గీసినా నేల మీద గీసినా అది గీతే, దానికి వెడల్పు లేదు. బోర్డర్ అంటే ఆ గీత దగ్గర కాపలా, గేటు, దాటడం, దాటనివ్వకపోవడం అన్నీ కలిపి. ఫ్రాంటియర్ అంటే అసలు గీత కాదు, ప్రాంతం. ఆ మాటలో ఉన్నది ఫ్రంట్, మూలం వెతికితే లాటిన్‌లో నుదురు. ఒక రాజ్యం ముఖం ఎటు పెట్టి ఉందో ఆ వైపు నేల. 1947లో దేశ విభజన గీత గీయడానికి రాడ్‌క్లిఫ్ దొర వచ్చినప్పుడు పెట్టింది బౌండరీ కమిషన్. ఆయన జులై 8న దిగాడు, అంతకుముందు ఇండియా మొహం చూసినవాడు కాదు, ఐదారు వారాల్లో గీత గీసేశాడు. ఆగస్టు 15న స్వాతంత్ర్యం వస్తే గీత ఎక్కడుందో 17న బయటపెట్టారు. రెండు రోజులు జనానికి తాము ఏ దేశంలో ఉన్నామో తెలియదు. అప్పటికి అది బౌండరీ. తరవాత కంచె వేసి, తుపాకీ పట్టుకుని మనుషులు నిలబడ్డాక అది బోర్డర్ అయింది.

ఇప్పుడు తెలుగు. మేము ఇంగ్లీషులో ఈ మూడిటిలో ఏది కనిపించినా "సరిహద్దు" అనే కొట్టేవాళ్లం, ఒప్పుకుంటున్నాను. బోర్డర్ సెక్యూరిటీ ఫోర్స్ సరిహద్దు భద్రతా దళం అయింది. నార్త్ ఈస్ట్ ఫ్రాంటియర్ రైల్వే ఈశాన్య సరిహద్దు రైల్వే అయింది. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ని ఫ్రాంటియర్ గాంధీ అంటే మన పాఠాల్లో సరిహద్దు గాంధీ అయ్యాడు. పిల్లలు ఆయనేదో కంచె పక్కన నిలబడ్డ మనిషి అనుకుంటారు, నిజానికి ఆయనది వాయవ్య సరిహద్దు రాష్ట్రం అనే ఒక పెద్ద ప్రాంతం. కశ్మీర్ దగ్గర మాత్రం జాగ్రత్తపడేవాళ్లం: 1972 సిమ్లా ఒప్పందం తరవాతి గీత నియంత్రణ రేఖ, చైనా వైపుది వాస్తవాధీన రేఖ. అక్కడ సరిహద్దు అని రాసి పంపితే డెస్కులో కాగితం మొహాన కొట్టేవాళ్లు.

వేణువు
సరిహద్దు అచ్చ తెలుగు మాట కదండీ, సరి అయిన హద్దు, అదే సరిహద్దు.

పాతపేపరు
అలా అనిపిస్తుంది గానీ కాదండీ. సర్హద్ అని పారసీ నుంచి వచ్చింది, అందులోని హద్ అరబ్బీ. హద్దు కూడా అదే. మనం "సరి" అని కలిపి పలికేసరికి మన ఇంటి బిడ్డలాగా ఉంది. మన మాటలు ఎల్ల, మేర, పొలిమేర. వాటిలో ఎల్ల ఇప్పుడు కవిత్వంలో మిగిలింది, "ఎల్లలు లేని ఆనందం" లాంటి చోట. మేర బతికే ఉంది కానీ పని మారింది, చూడండి, "ఆ మేరకు ఉత్తర్వులు జారీ అయ్యాయి", "చేతనైన మేరకు సాయం". పొలం చివర ఉండాల్సిన మాట వెళ్లి సర్కారు ఆఫీసులో గుమస్తాగా చేరింది.

పొలంగట్టు
పొలిమేర మా ఊళ్లో బతికే ఉంది సార్. పెళ్లివాళ్లు పొలిమేర దగ్గర కొబ్బరికాయ కొట్టకుండా ఊరు దాటరు. పోలేరమ్మ గుడి ఉండేది కూడా అక్కడే, జాతరలో పొలి చల్లుతూ ఊరి చుట్టూ తిరిగేది ఆ మేర మీదే. దాన్ని ఏ ఇంగ్లీషు మాటతో చెబుతారు? విలేజ్ బౌండరీ అంటే అమ్మవారు రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌లో చేరినట్టుంటుంది.

ఆటోనగర్_లారీ
బౌండరీ బోర్డర్ అవ్వడం నేను కళ్లారా చూశా. హైదరాబాదు లోడుకి వారానికి రెండుసార్లు పోయేవాణ్ణి. జగ్గయ్యపేట దాటాక గరికపాడు దగ్గర కృష్ణా జిల్లా అయిపోయి నల్గొండ మొదలయ్యేది, బోర్డు ఉండేది గానీ దాని వంక ఎవడు చూస్తాడు, నిద్రలో దాటేసేవాళ్లం. 2014 జూన్ 2 నుంచి అదే చోటు బోర్డర్. నేల మారలేదు, రోడ్డు మారలేదు, టీ కొట్టు మారలేదు, పర్మిట్ల టెన్షన్ మాత్రం కొత్తగా వచ్చింది. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బోర్డర్ అనే మాట బాగా అర్థమైంది అందరికీ. అవతల నుంచి వచ్చినవాళ్లు, ఆడవాళ్లు పిల్లలతో సహా, రోడ్డు మీద గంటలు గంటలు నిలబడ్డారు. ఇవతల సొంత ఊరు కనపడుతూనే ఉంది.

కరకట్ట
మా తాడేపల్లి వాళ్లకి ఇది రోజూ ఉండేదే. ప్రకాశం బ్యారేజీకి ఇవతల గుంటూరు జిల్లా, అవతల నిన్నటిదాకా కృష్ణా, 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లా. సినిమాకి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా, పెసరట్టు తిందామన్నా జిల్లా దాటాల్సిందే, దాన్ని ఎవరూ బోర్డర్ అనరు, "అవతలికి వెళ్లొస్తా" అంటారు. అదే రోజు ఇంకో తమాషా జరిగింది, పాత అమరావతి ఊరేమో పల్నాడు జిల్లాలోకి పోయింది, రాజధాని ప్రాంతం తుళ్లూరేమో గుంటూరులోనే ఉంది. పిల్లలకి జీకే ప్రశ్నగా వేసి చూడండి మేడమ్, సగం మంది తప్పు రాస్తారు.

లిమిట్స్ గురించి నా అనుభవం ఒకటి. కొన్నేళ్ల కింద వారధి దాటాక టీ తాగుదామని బండి ఆపితే పోయింది. ఒక స్టేషన్‌కి వెళ్తే "అది మా పరిధి కాదు, అవతల స్టేషన్‌కి పోండి" అన్నారు. అవతలికి వెళ్తే "బండి ఎక్కడ పెట్టారు, స్తంభానికి ఇటా అటా" అని అడిగి వెనక్కి పంపారు. ఏ స్టేషన్లో చెప్పను, ఇప్పుడు అనవసరం. ఆ రోజు నాకు తెలిసొచ్చింది, పోలీస్ లిమిట్స్‌కి తెలుగులో సరిహద్దు అనరు, పరిధి అంటారు.

దస్తావేజు
ఇప్పుడు అలా తిప్పకూడదు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్లోనైనా సమాచారం తీసుకోవాలని రాశారు. జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

కరకట్ట
బండి అయితే రాలేదు గురువుగారు.

ఘాటుమిరప
మార్జిన్ సంగతి నేను చెప్తా, మిర్చి యార్డులో పనిచేసేవాణ్ణి కాబట్టి. స్కూల్లో "ముందు మార్జిన్ కొట్టరా" అనేవాళ్లు, స్కేలు పెట్టి గీత గీసేవాళ్లం. యార్డుకి వచ్చాక మార్జిన్ అంటే మిగిలే డబ్బు. "టిక్కీకి ఏం మార్జిన్ లేదన్నా" (టిక్కీ అంటే మిర్చి బస్తా) అని రోజుకి వందసార్లు వింటా, వాళ్లే మళ్లీ సాయంత్రానికి కొత్త ఫోను కొంటారు. రెండిట్లోనూ ఉన్నది ఒకటే, చివర మిగిలిన జాగా.

టీచరమ్మ_బెజవాడ
మార్జినల్ ఫార్మర్ అని సోషల్‌లో వస్తుంది, రెండున్నర ఎకరాల లోపు ఉన్నవాళ్లు. తెలుగు పుస్తకంలో సన్నకారు రైతు అని ఎంత చక్కగా ఉందో. అంచు రైతు అని రాయలేదు, అదృష్టం.

పొలంగట్టు
గట్టు చెక్కించుకున్న రైతు సన్నకారే అవుతాడు మరి.

పాతపేపరు
డెల్టా వాళ్లు ఇక్కడ చెప్పడం మర్చిపోయిన మాట ఇంకొకటి ఉంది, శివారు. ఊరి బయట కాలనీలని శివారు ప్రాంతం అంటాం, అది అవుట్‌స్కర్ట్స్. కానీ కాలవ కింద శివారు భూములు అంటే నీళ్లు ఆఖరున చేరే పొలాలు. "శివారుకి నీళ్లు అందలేదు" అని ఏటా వార్త రాసేవాళ్లం, తారీఖు మారుస్తే సరిపోయేది. ఆ శివారుకి బోర్డర్ అని కాదు, టెయిల్ ఎండ్ అని ఇంగ్లీషు.

సైన్సులో న్యూ ఫ్రాంటియర్స్ అని వస్తే? దానికి సరిహద్దు పెట్టి నేనే ఒకసారి తిట్లు తిన్నా. మా ఎడిటర్ కొట్టేసి "కొత్త పుంతలు" అని రాశాడు. పుంత అంటే పొలాల మధ్య బండ్లబాట, గోదావరి వైపు ఇప్పటికీ అంటారు, మనవైపు డొంక. ఇంగ్లీషువాడు ముందుకెళ్లి ఆగిన చోటు చూశాడు, మనం వెళ్లే బాట చూశాం. ఆ రోజు నుంచి ఏ మాటకీ ఎదురుగా ఒక్క మాటే రాసి ఉంచుకోవడం మానేశాను.

కృష్ణలంక_అమ్మాయి
ఎవరూ అసలు సంగతి ఎత్తలేదు. ఇప్పుడు ఇన్‌స్టాలో ఎక్కడ చూసినా "బౌండరీస్ పెట్టుకోండి" అంటారు. మా అత్తతో ఈ మాటే తెలుగులో "నేను నా హద్దులు పెట్టుకున్నా అత్తా" అన్నా, ఆవిడ "మంచిది తల్లీ, ఆడపిల్ల హద్దుల్లోనే ఉండాలి" అంది. నేను చెప్పింది పూర్తిగా తిరగబడింది!

మగ్గంగుంట
హహ. హద్దు అంటే మనకి ఎదుటివాళ్లు పెట్టేది అక్కా. "హద్దు మీరుతున్నావ్", "హద్దూ పద్దూ లేదు", అన్నీ తిట్లే. మనకి మనం పెట్టుకునేదానికి ఆ మాట పనికిరాదు.

వేణువు
గిరి గీసుకోవడం?

కృష్ణలంక_అమ్మాయి
"గిరి గీసుకు కూర్చుంది" అంటే పొగరు అని అర్థం అండీ మా ఇంట్లో. లక్ష్మణరేఖ అంటే దాటితే నా తప్పే అవుతుంది. అన్నీ వెతికా.

పొలంగట్టు
మా అమ్మ ఒకటి అనేది తల్లీ, "ఎవర్ని ఎంతలో ఉంచాలో అంతలో ఉంచాలి". చదువుకోలేదు ఆవిడ.

కృష్ణలంక_అమ్మాయి
బాబాయ్!! ఇదే. ఇదే కావాలి నాకు.

టీచరమ్మ_బెజవాడ
ఇందులో ఎక్కడా హద్దు లేదు, గీత లేదు, అయినా అర్థం మొత్తం వచ్చేసింది. వెర్జ్‌కి కూడా ఇలాగే ఏదైనా చెప్పండి. ఆన్ ద వెర్జ్ ఆఫ్ టియర్స్ అని ఉంది పాఠంలో, గైడులో "కన్నీటి అంచున" అని రాశాడు.

ఘాటుమిరప
"ఏడవడం ఒక్కటే తక్కువ".

పాతపేపరు
ఘాటుమిరప గారు జీవితంలో మొదటిసారి పనికొచ్చే ముక్క చెప్పారు. అలాగే "ఇట్ బోర్డర్స్ ఆన్ ఇన్సల్ట్" అని వస్తే "అవమానానికి సరిహద్దులో ఉంది" అనకండి, "అది అవమానించినంత పని" అంటే చాలు.

ఆటోనగర్_లారీ
బోర్డర్ షుగర్ వదిలేశారు. మొన్న పరగడుపున టెస్టు చేస్తే 118 వచ్చింది. వందకీ నూట పాతిక్కీ మధ్య ఉంటే బోర్డర్ అంట. డాక్టరు బోర్డర్ అనగానే మా ఆవిడ ఇంకా దాటలేదు కదా అని సంతోషించి పూర్ణాలు చేసింది.

ఘాటుమిరప
అన్నా, గరికపాడు దాకా వచ్చి ఆగావ్, రివర్స్ గేర్ వెయ్.

టీచరమ్మ_బెజవాడ
సోమవారం క్లాసు అయింది. లిస్టు ఏదీ రాయించలేదు. బోర్డు మీద చీర, పొలం, ఊరు, దేశం, క్రికెట్ గ్రౌండు, నోటుబుక్కు బొమ్మలు గీసి ఒక్కోదాని చివరని మీ ఇంట్లో ఏమంటారో చెప్పమన్నాను. ఒక అమ్మాయి ముగ్గుకి బోర్డర్ ఉంటుంది టీచర్ అంది, అది నాకే తట్టలేదు. సింగ్‌నగర్ నుంచి వచ్చే పిల్లాడు బుడమేరు వాగు బొమ్మ గీసి "దీనికి హద్దు లేదు టీచర్, 2024 వరదల్లో మా మంచం దాకా వచ్చింది" అన్నాడు. చీర సంగతి అడిగిన వాడేమో హాస్టల్లో ఉండేవాణ్ణి కూడా బోర్డర్ అంటారు కదా అని కొత్త ప్రశ్న పట్టుకొచ్చాడు. స్పెల్లింగ్ వేరు నాయనా అని చెప్పి బయటపడ్డాను, తెలుగులో రాస్తే మాత్రం రెండూ ఒకటే.

దస్తావేజు
పొలంగట్టు గారూ, మీ సర్వే ఏమైంది? ఈ వారమే అన్నారు.

పొలంగట్టు
వచ్చారు సార్. రోవర్ అని కర్రలాంటిది పెట్టి గంటలో తేల్చేశారు, గొలుసూ లేదు లింకులూ లేవు. పాత రాయి మట్టిలో రెండడుగుల లోతున దొరికింది.

దస్తావేజు
ఎంత పోయింది మరి?

పొలంగట్టు
పోలేదు సార్. మేమే ముప్పావు సెంటు అవతల ఉన్నాం. మా నాన్న చెక్కి ఉంటాడు. పక్క చేను ఆయన ఏమీ అనలేదు, నవ్వి టీ తాగుదాం రా అన్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, మీరెవరూ మావైపు వచ్చి అనకండి.